గోడౌన్‌లో మా అమ్మాయి ఎగ్జిబిషన్: వెళ్ళాలా, వద్దా?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది గుంటూరు. ముప్పై ఏళ్ళుగా మిర్చి వ్యాపారంలో ఉన్నాను. యార్డులో కమీషన్ కొట్టు, ఊరి బయట ఒక గోడౌన్ ఉన్నాయి. మాకు ఒక్కతే అమ్మాయి. హైదరాబాదులో ఎం.ఎఫ్.ఏ. (చిత్రకళలో పీజీ) చదువుతోంది. ఇప్పుడు తనూ, తన క్లాస్‌మేట్లు నలుగురూ కలిసి కొచ్చిలో మట్టాంచేరి అనే చోట ఒక పాత గోడౌన్ అద్దెకు తీసుకుని, తోటి విద్యార్థులు చేసిన బొమ్మలూ అవీ పెట్టి ఎగ్జిబిషన్ నడుపుతున్నారు. అక్కడ బినాలే అనే పెద్ద కళా ప్రదర్శన జరుగుతోందట, దానికొచ్చే జనం వీళ్ళ దగ్గరికీ వస్తారని. తీరా చూస్తే మా అమ్మాయి వేసిన బొమ్మ అందులో ఒక్కటీ లేదు. తను ‘క్యూరేటర్’ని అంటోంది, అంటే ఎవరి పనులు పెట్టాలో ఎంచి అమర్చే మనిషట. “నాన్నా, అమ్మా నువ్వూ రండి” అని ఫోన్ చేసినప్పుడు నోటికొచ్చింది అనేశాను. “గోడౌన్ చూడటానికి కొచ్చి దాకా ఎందుకమ్మా, మనకే ఉందిగా. ఇన్ని లక్షలు పోసి చదివించింది గోడౌన్లో బొమ్మలు పెట్టుకోవడానికా?” అన్నాను. తను ఏమీ మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత “మీకు ఇబ్బందైతే రావద్దులే నాన్నా” అని మెసేజ్ పెట్టింది. మా ఆవిడ నాతో సరిగా మాట్లాడటం లేదు. నిజం చెప్పాలంటే నాకు భయంగా ఉంది. ఈ మోడ్రన్ ఆర్ట్ నాకు అర్థం కాదు. ఇంగ్లీషు అంతంతమాత్రం. తన స్నేహితుల ముందు తెల్లమొహం వేసుకుని నిలబడితే తనకే చిన్నతనం కదా. అసలు మంచి హాలు దొరక్కే గోడౌన్లో పెట్టారా? వెళ్తే ఏం చూడాలి, ఏం మాట్లాడాలి? ఇదే టెన్షన్.

– ఒక తండ్రి, గుంటూరు

సమాధానం:

నమస్కారమండీ. వెళ్ళండి. మీ శ్రీమతిని తీసుకుని, కనీసం రెండు రోజులు అక్కడ ఉండేలా వెళ్ళండి. మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు ఒకటే అనిపించింది. ఆ ఎగ్జిబిషన్ చూడటానికి ఎంతోమంది చదువుకున్నవాళ్ళు వస్తారు, కళ గురించి పెద్దపెద్ద మాటలు మాట్లాడేవాళ్ళు వస్తారు. కానీ గోడౌన్ అంటే ఏమిటో ముప్పై ఏళ్ళు ఒళ్ళు వంచి తెలుసుకున్న మనిషి వాళ్ళలో ఎంతమంది ఉంటారు? ఆ గోడల్ని మీరు చదవగలిగినట్టు వాళ్ళెవరూ చదవలేరు. మీ అమ్మాయికి ఇప్పుడు కావలసిన చూపు మీ దగ్గరుంది. అది మీకు తెలియక భయపడుతున్నారు.

ముందు ‘హాలు దొరక్కేనా’ అన్న మాట తీసుకుందాం. కొంతవరకు నిజమే. నగరాల్లో మంచి గ్యాలరీ అద్దె విద్యార్థులు భరించలేరు. గ్యాలరీ వాళ్ళకు కూడా పేరున్న చిత్రకారులు కావాలి, అమ్ముడుపోయే పని కావాలి. ఇరవై రెండేళ్ళ పిల్లల దగ్గర ఆ రెండూ ఉండవు. అందుకని వాళ్ళు ఖాళీగా ఉన్న చోటు వెతుక్కుంటారు. ఆ ఖాళీ ఎక్కడ దొరుకుతుందో మీకు చెప్పక్కర్లేదు. వ్యాపారం ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారిపోయినప్పుడు వెనక మిగిలేది గోడౌన్లే.

మట్టాంచేరిలో జరిగింది అదే. అక్కడ బజార్ రోడ్డు అని ఒక ఇరుకు వీధి ఉంది. ఒక వైపు గోడౌన్ల వరుస. వాటి ముందు తలుపు వీధిలోకి, వెనక తలుపు బ్యాక్‌వాటర్స్ నీళ్ళలోకి. మిరియాలు, అల్లం, బియ్యం వెనక వైపు పడవల్లో దిగేవి, ఎక్కేవి. పెద్ద ఓడలు బయట సముద్రంలోనే ఆగేవి కాబట్టి ఈ పడవలకు అంత పని ఉండేది. తర్వాత రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు ఆధ్వర్యంలో అడుగున ఇసుక, బురద తవ్వి ఓడలు లోపలికి వచ్చేలా దారి చేశారు. ఆ తవ్విన మట్టితోనే విల్లింగ్డన్ ఐలాండ్ అనే దీవిని కట్టారు. 1928 మే 26న మొదటి ఓడ లోపలి రేవుకు వచ్చింది. రేవు అటు పోయాక సరుకూ మెల్లగా అటే పోయింది. బజార్ రోడ్డులో ఇప్పటికీ కొన్ని కొట్లలో బస్తాలు దిగుతుంటాయి, కానీ చాలా గోడౌన్లు తాళాలు పడి ఉండిపోయాయి.

కొచ్చి-ముజిరిస్ బినాలే 2012 డిసెంబరు 12న మొదలైనప్పుడు, నిర్వాహకులు ఇలాంటి చోట్లనే తెరిపించారు. బినాలే అంటే రెండేళ్ళకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన. అప్పుడు దాని ముఖ్యమైన వేదికైన ఆస్పిన్‌వాల్ హౌస్ కూడా 1867లో పెట్టిన ఒక ఇంగ్లీషు వర్తక కంపెనీదే. కొబ్బరి నూనె, మిరియాలు, కలప ఎగుమతి చేసిన చోటు అది. 2014 నుంచి అదే బినాలేతో పాటు స్టూడెంట్స్ బినాలే అని విడిగా జరుగుతోంది. దేశంలోని ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలకు యువ క్యూరేటర్లు వెళ్ళి, అక్కడి పిల్లలతో కూర్చుని, వాళ్ళ పనులు ఎంచి, మట్టాంచేరి గోడౌన్లలో పెడతారు. మన కాలేజీల పిల్లలు కూడా అందులో పాల్గొన్నారు. దీని చుట్టుపక్కల మీ అమ్మాయి బృందంలాగా సొంతంగా చోటు చూసుకుని పెట్టేవాళ్ళు ఇంకా ఎందరో.  బినాలేకు వచ్చే జనం నడిచే దారిలోనే చోటు పట్టుకున్నారంటే మీ అమ్మాయికి వ్యాపారం తెలిసినట్టే. అది మీ దగ్గర్నుంచే వచ్చి ఉంటుంది.

ఇది మన దగ్గర మొదలైన సంగతి కూడా కాదు. 1988లో లండన్‌లో గోల్డ్‌స్మిత్స్ కాలేజీ విద్యార్థి డేమియన్ హర్స్ట్ ‘ఫ్రీజ్’ అనే ప్రదర్శన పెట్టాడు. అప్పటికి అతను ఇంకా రెండో సంవత్సరంలోనే ఉన్నాడు. చోటు లండన్ డాక్స్ ప్రాంతంలో పోర్టు వాళ్ళది, ఖాళీగా పడి ఉన్న కట్టడం. ఓడలు పెద్దవై, కంటైనర్లు వచ్చి, రేవు నగరానికి దూరంగా జరిగిపోవడంతో ఆ ప్రాంతమంతా బోసిపోయింది. పదహారు మంది విద్యార్థుల పనులు పెట్టారు. బిల్డింగు అడిగి తెచ్చుకోవడం, శుభ్రం చేయించడం, స్పాన్సర్లను ఒప్పించడం, కేటలాగ్ అచ్చు వేయించడం, పెద్ద మ్యూజియంల వాళ్ళను పట్టుబట్టి రప్పించడం – ఇవే హర్స్ట్ అప్పుడు చేసిన అసలు పని. జనం పెద్దగా రాలేదు. వచ్చిన కొద్దిమందిలో చార్లెస్ సాచీ అనే పెద్ద కలెక్టర్ ఉన్నాడు. ఆ పదహారు మందిలో చాలామంది తర్వాత బ్రిటన్‌లో పేరున్న కళాకారులయ్యారు. మీ అమ్మాయికీ అలాగే జరుగుతుందని ఆశ పెట్టడం లేదు, ఎక్కువమందికి అలా జరగదు. గోడౌన్‌లో పెట్టారు కాబట్టి తక్కువ రకం అన్న లెక్క తప్పని చెప్పడానికే ఇది చెప్పాను.

ఇంతకీ మీకు ఇంకా దగ్గర్లో ఉదాహరణ ఉంది. అమరావతి మీకు ఎంత దూరం? ఆ స్తూపం చుట్టూ చెక్కిన రాళ్ళను మన పూర్వులు ప్రదక్షిణ చేస్తూ చూశారు. ఎండ మారుతుంటే నీడలు మారుతుంటాయి, నడుస్తుంటే కథ ముందుకు సాగుతుంటుంది. ఇప్పుడు ఆ రాళ్ళలో చాలా భాగం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. అక్కడ గోడ పక్కన నిలబడి చూస్తాం. రాయి అదే, చూడటం వేరు. తోలుబొమ్మలాట ఊరి మధ్య తెర కట్టి చూశాం. చేర్యాల పటాలు కథకులు ఊళ్ళలో విప్పి చెబుతుంటే చూశాం. తెల్ల గోడల హాల్లో చప్పుడు చేయకుండా చూడటం మనకు తర్వాత వచ్చిన అలవాటు. కాబట్టి మట్టాంచేరి గోడౌన్‌లో మీకు పరాయితనం అనిపించాల్సిన పని లేదు.

ఇక క్యూరేటర్ మాట. “బొమ్మ తనది కాకపోతే తను చేసిందేమిటి?” అన్న ప్రశ్న మీ ఉత్తరం అడుగున ఉంది. మీ యార్డు భాషలోనే చెబుతాను. పొద్దున్నే రైతుల సరుకు దిగుతుంది. ఏ లాటు ఎక్కడ వేయించాలి, దేనికి వెలుతురు పడాలి, కొనేవాడి ముందు ఏ మచ్చు పెట్టాలి, తాలు ఎక్కువున్న లాటు పక్కన ఏది పెడితే దానికి అన్యాయం జరుగుతుంది – ఇవన్నీ మీరు చూస్తారు. మిరపకాయ మీరు పండించలేదు. కానీ మీరు సరిగా చూడకపోతే పండించినవాడి కష్టం కొనేవాడికి కనబడదు. మీ అమ్మాయి పని అక్కడి నుంచి మొదలై ఇంకా కొంచెం లోపలికి పోతుంది. అక్కడ ధర పలకడం ముఖ్యం కాదు, ఒక పని పక్కన ఇంకో పని పెట్టినప్పుడు రెండూ కలిసి ఏం చెబుతాయన్నది ముఖ్యం.

అన్నిటికన్నా కష్టమైనది వద్దనడం. యాభై మంది అడిగితే ఇరవై మందికే చోటుంటుంది. మిగతా ముప్పై మందిలో తన రూమ్మేటు ఉంటుంది, ప్రాణ స్నేహితురాలు ఉంటుంది. సొంత బొమ్మ ఒక్కటి కూడా పెట్టుకోలేదన్నారే, అది చూసి నాకు మీ అమ్మాయి మీద గౌరవం పెరిగింది. ఎంచేది తనే కాబట్టి తన బొమ్మ ఏ మూలనైనా పెట్టుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఆ పని చేయలేదు. ముప్పై ఏళ్ళు కాటా దగ్గర నిలబడ్డ మీకు ఆ నిజాయితీ విలువ తెలుస్తుంది.

ఇక మిగిలిందంతా చాకిరీ. ఓనరుతో అద్దె మాట్లాడాలి. ఏళ్ళ తరబడి మూసి ఉన్న చోట బూజు దులిపి, చెదలు చూసుకోవాలి. పది ప్రొజెక్టర్లు పెడితే పాత వైరింగు తట్టుకుంటుందా అని ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. నాలుగు ఊళ్ళ నుంచి వచ్చే పనులు లారీలో విరగకుండా ప్యాకింగ్ చేయించాలి. లేబుళ్ళు రాయాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుమ్మం దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళ ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాలి. నీళ్ళ పక్కన ఉన్న గోడౌన్‌లో కాగితం మీద వేసిన బొమ్మ పెట్టడమంటే ఏమిటో మీరే ఊహించండి. చెమ్మకు ఎండుమిర్చి ఏమవుతుందో కాగితమూ అదే అవుతుంది.

చూడటం ఎలా అని అడిగారు. నేను ఇలా చూస్తాను, మీరూ ప్రయత్నించండి. లోపలికి వెళ్ళగానే ఏ లేబులూ చదవొద్దు. ఒక పావుగంట ఊరికే మొత్తం తిరగండి. మీ గోడౌన్ ఒకటి కొత్తగా అద్దెకు తీసుకుంటే ఎలా తిరుగుతారో అలా. పైకప్పు చూడండి, వాసాలు, పెంకులు, వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూడండి. గోడ మీద బస్తాలు రాసుకుని నున్నగా అయిన చోట్లు మీకు కనబడతాయి, వేరేవాళ్ళకు అది ఒట్టి మరక. తలుపు చెక్క మీద ఎవరో లెక్కకు గీసిన గీతలు ఉండొచ్చు. అప్పుడు పిల్లల పనులు చూడండి. ఈ పని ఈ గోడ మీదే ఎందుకు? ఇది నేల మీద ఎందుకు పరిచారు? ఆ కిటికీ ఎందుకు మూశారు, ఈ కిటికీ ఎందుకు వదిలేశారు? ఇందులో ఒక్కటి కూడా ఉత్తినే జరగదు, ప్రతిదాని వెనకా మీ అమ్మాయి బృందం రాత్రిళ్ళు కూర్చుని వాదించుకుని ఉంటారు.

రెండోసారి తిరిగేటప్పుడు మూడు పనులు ఎంచుకోండి. మూడే. మీకు నచ్చింది ఒకటి, చిరాకు పుట్టించింది ఒకటి, ఏమీ అర్థం కానిది ఒకటి. ఒక్కోదాని దగ్గర పది నిమిషాలు ఉండండి. పది నిమిషాలంటే చాలాసేపు, మూడో నిమిషానికే కాళ్ళు కదులుతాయి. అయినా ఉండండి. వీడియో ఉంటే అది మధ్యలో నుంచి కనబడుతుంది కాబట్టి, ఎంతసేపు నడుస్తుందో అడిగి మొదటి నుంచి చూడండి. చాలామంది ఒక నిమిషం చూసి “ఏమీ లేదు ఇందులో” అని లేచి వెళ్ళిపోతారు. లేబుల్ ఆ తర్వాత. అది ఇంగ్లీషులోనే ఉంటుంది, చాలాసార్లు ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకూ అర్థం కాకుండా ఉంటుంది. దాని గురించి మీరు దిగులు పడొద్దు. మీ అమ్మాయిని తెలుగులో చెప్పమనండి. తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు తనకే ఆ పని ఇంకాస్త స్పష్టమవుతుంది.

ఏం మాట్లాడాలన్నదానికి నాకు జరిగిన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట మట్టాంచేరిలోనే ఒక విద్యార్థుల ప్రదర్శనకు వెళ్ళాను. ఒకమ్మాయి పైకప్పు దూలాల నుంచి కొబ్బరి తాళ్ళు కట్టి, వాటికి బరువైన మూటలు వేలాడదీసింది. నేను దగ్గరికి వెళ్ళి “దీని అర్థమేమిటమ్మా?” అని అడిగాను. ఆ అమ్మాయి గబగబా కంఠస్థం చేసిన నాలుగు వాక్యాలు అప్పజెప్పింది. నాకేమీ అందలేదు. కాసేపు ఊరుకుని, “ఈ తాడు ఎక్కడిది?” అని అడిగాను. అంతే, ఆ అమ్మాయి ముఖం మారిపోయింది. తాడు కొన్నది కాదట. వాళ్ళ నాయనమ్మ పీచు నానబెట్టి చేత్తో పేనేదట. చివరి రోజుల్లో పేనిన చుట్టలు అటక మీద ఉండిపోతే తెచ్చుకుంది. అరగంట సేపు చెప్పింది. అప్పుడు ఆ మూటల బరువు నాకు తెలిసింది.

మేం మాట్లాడుతుండగానే పక్క గోడౌన్‌లో పనిచేసే పెద్దాయన ఒకరు లోపలికి వచ్చారు. హమాలీ. చాలాసేపు తల ఎత్తి ఆ ముడుల్ని చూశారు. ఆయన మలయాళంలో ఏదో అంటే ఆ అమ్మాయి నాకు హిందీలో చెప్పింది: “ఈ ముడి బరువు ఆపదు, రెండు రోజుల్లో జారుతుంది అంటున్నారు.” మర్నాడు నేను మళ్ళీ వెళ్ళేసరికి ఆ ముడులన్నీ మార్చి ఉన్నాయి. ఆయనే దగ్గరుండి నేర్పించారట. ఆ నెలంతా ఆ ప్రదర్శనకు వచ్చినవాళ్ళలో ఆ పనికి అంతకంటే మేలు చేసినవాళ్ళు ఉంటారని నేననుకోను.

కాబట్టి అర్థం అడగకండి, చేత అడగండి. ఇది దేనితో చేశావు, ఎన్నాళ్ళు పట్టింది, ఇక్కడి దాకా ఎలా తెచ్చావు, దారిలో ఏమైనా పాడైందా, మళ్ళీ చేస్తే ఏం మారుస్తావు? ఈ ప్రశ్నలకు ఏ భాషలోనైనా జవాబు వస్తుంది. అక్కడున్న పిల్లలు తలో ఊరి వాళ్ళు, వాళ్ళ ఇంగ్లీషూ తడబడుతూనే ఉంటుంది. మీ హిందీ, వాళ్ళ హిందీ, చేతులు కలిస్తే సరిపోతుంది. నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు. “ఇది నాకు పట్టలేదమ్మా, నువ్వు దీన్ని ఎందుకు ఎంచుకున్నావు?” అని మీ అమ్మాయిని అడిగితే తనకు కోపం రాదు, సంతోషమే వేస్తుంది. అయితే మూడు మాటలు మాత్రం అనొద్దు. “ఇలాంటివి చిన్నపిల్లలూ వేస్తారు”, “దీనికెంతొస్తుంది?”, “తర్వాత ఉద్యోగం సంగతేంటి?” మూడోది అడగాల్సిన ప్రశ్నే, అడిగే హక్కూ మీకుంది. కానీ అది ఇంటికొచ్చాక భోజనాల దగ్గర అడగండి.

ఒకటి ముందే చెప్పాలి. అక్కడున్నవన్నీ గొప్ప పనులు కావు. విద్యార్థుల ప్రదర్శనలో సగం పచ్చిగా ఉంటుంది. ఒక ప్రొజెక్టర్ ఆగిపోయి ఉంటుంది, ఒక లేబుల్ ఊడి కింద పడి ఉంటుంది. పాత గోడౌన్లలో ఇంకో ఇబ్బంది ఉంది. ఆ గోడలు, ఆ వెలుతురు ఎంత అందంగా ఉంటాయంటే, పని బలహీనమైనా గోడ అందం అరువు తెచ్చుకుని నిలబడిపోతుంది. తెల్ల గోడ మీద పెడితే తేలిపోయేవి ఇక్కడ గంభీరంగా కనబడతాయి. నేనూ చాలాసార్లు మోసపోయాను. మీరు మోసపోకపోవచ్చు, ఎందుకంటే మీకు పాత గోడౌన్ వింత కాదు. ఏది చోటు గొప్పతనమో, ఏది పిల్లల గొప్పతనమో విడదీసి చెప్పగలిగితే మీ అమ్మాయి ఆ మాట రాసి పెట్టుకుంటుంది.

చుట్టాలకు ఏం చెప్పాలన్న బెంగ కూడా మీ ఉత్తరంలో ఎక్కడో ఉందని నాకనిపించింది. “కొచ్చిలో మా అమ్మాయి ఎగ్జిబిషన్ నడుపుతోంది, చూసొచ్చాం” అనండి. చాలు.

ప్రయాణం సంగతి. గుంటూరు మీదుగా వెళ్ళే శబరి ఎక్స్‌ప్రెస్ మీకు తెలిసే ఉంటుంది, మాల వేసుకున్నవాళ్ళు ఎక్కే బండి. ఎర్నాకుళం టౌన్ స్టేషన్లో దిగండి. మకరజ్యోతి అయిపోయాక రద్దీ తగ్గుతుంది, అయినా బెర్తులు ముందే చూసుకోండి. ఎర్నాకుళం నుంచి హైకోర్టు టెర్మినల్ దగ్గర వాటర్ మెట్రో పడవ ఎక్కితే ఫోర్ట్ కొచ్చిలో దిగుతారు, అక్కడి నుంచి ఆటో. రోడ్డు మీద వెళ్ళేకన్నా పడవలో వెళ్ళడమే మేలు. ఆ గోడౌన్లకు నీళ్ళ వైపు కూడా తలుపులు ఎందుకున్నాయో పడవలోంచి చూస్తేనే తెలుస్తుంది. పొద్దున తెరవగానే వెళ్ళండి, మధ్యాహ్నం పెంకుల కింద ఉక్కపోస్తుంది. పై అంతస్తుకు ఏటవాలు చెక్క మెట్లుంటాయి, మీ శ్రీమతికి మోకాళ్ళ నొప్పులుంటే ముందే అమ్మాయిని అడగండి. దేన్నీ ముట్టుకోవద్దు, ఫోటోకు ముందు అడగండి. బజార్ రోడ్డులో ఇంకా సరుకు దిగే చోట్ల హమాలీల దారికి అడ్డంగా నిలబడి ఫోటోలు తీసేవాళ్ళు కనబడతారు. మీరు అలా చేయరని నాకు తెలుసు.

ఒక పూట యూదుల వీధి వైపు నడవండి. 1568లో కట్టిన పరదేశి సినగాగ్ అక్కడే. దగ్గర్లోని మట్టాంచేరి ప్యాలెస్‌లో గోడల నిండా రామాయణం చిత్రాలున్నాయి, మీ శ్రీమతికి తప్పక నచ్చుతాయి. ఆ చుట్టుపక్కల మసాలా దినుసుల కొట్ల ముందు మీరు ఆగుతారు, అది నేను చెప్పక్కర్లేదు. మిరపకాయ మన దేశానికి వచ్చింది పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో. వాళ్ళు ఇక్కడ మొదటి కోట కట్టుకున్నది 1503లో, కొచ్చిలోనే. అంతకు ముందు మన వంటల్లో కారమంటే ముఖ్యంగా మిరియమే. ఆ మిరియాల గోడౌన్ల మధ్యే ఇప్పుడు ఒక మిర్చి వ్యాపారి కూతురు ఎగ్జిబిషన్ నడుపుతోంది. ఈ సంగతి తనకు తట్టిందో లేదో, మీరు చెబితే బాగుంటుంది.

ఇవన్నీ రైలెక్కాక. దానికి ముందు ఈ రాత్రే చేయాల్సిన పని ఒకటుంది. తనకు ఫోన్ చేయండి, మెసేజ్ పెట్టొద్దు. “ఆ రోజు గోడౌన్ గురించి నేనన్న మాట తప్పమ్మా” అని ఆ మాటనే పేరు పెట్టి చెప్పండి. “ఏదో తొందర్లో అన్నాలే” అని దాటేయకండి. పిల్లలకు ఏ మాట తగిలిందో ఆ మాట మీద మందు పడాలి. తర్వాత అడగండి: “గోడౌన్ ఎన్ని అడుగులుంటుందమ్మా? వెంటిలేటర్లు ఎన్నున్నాయి? నీళ్ళ వైపు గోడకు చెమ్మ రావట్లేదా, ఎలా ఆపుతున్నారు?” నెల రోజులుగా ఆ పిల్లలు ఆ చెమ్మతోనే కుస్తీ పడుతుంటారు. దాని గురించి తెలిసి అడిగే మనిషి వాళ్ళకు ఇంతవరకు దొరికి ఉండరు. ఇక తనే మాట్లాడుతుంది, మీరు వింటే చాలు.

ఫోన్ పెట్టేసే ముందు, గుంటూరు నుంచి ఏం తెమ్మంటుందో కూడా అడగండి. ఐదుగురు పిల్లలు నెలపాటు బయట తిండి తింటున్నారు. గోంగూర పచ్చడి, కారప్పొడి కొంచెం ఎక్కువే కట్టించమని మీ శ్రీమతికి చెప్పండి. ఆవిడ మీతో మళ్ళీ మాట్లాడటం అక్కడి నుంచే మొదలవుతుందని నా నమ్మకం.